పైపు మీద రెండు దెబ్బలు

చాంపియన్ రీఫ్స్,
జూలై 9

చిరంజీవి షెరిన్‌కు ప్రభువు పేరిట ఆశీర్వదించి ఆగ్నెస్ అత్త రాస్తున్నది.

నువ్వు హాస్టల్లో ఉండి చదువుకున్న రోజుల తరువాత నీకు ఉత్తరం రాయలేదు. ఇన్నాళ్లకు కలం పట్టడానికి కారణం భయం. ప్రతి ఆదివారం నేను పూజ నుంచి వచ్చే వేళకు నువ్వు ఫోను చేసి "ఎట్లుండావు అత్తా" అంటావు. నేను "బాగుండాను తల్లీ" అంటాను. ఆ మాట నోరు దాటాక ఇంకో మాటకు దారి దొరకదు. కాగితం అలా తొందరపెట్టదు. అందుకే కుట్టు మిషను మీది గుడ్డలు పక్కకు తీసి కూర్చున్నాను. చదివి నవ్వకు.

మన పెరట్లో స్నానాల గది వెనక పాత గాలి పైపు ఉంది కదా, ఒకప్పుడు గనిలోకి గాలి పంపిన ఇనుప పైపు. ఈ బంగారు గనులు మూసేశాక పాత ఇనుము పోగుచేసేవాళ్లు గనివాళ్ల ఇళ్ల లైన్లన్నిటిలో తవ్వి పట్టుకుపోయారు. మన దండెం దానికే కట్టి ఉందని నేనూ పక్కింటి సొన్నమ్మా పోట్లాడి నేలలోకి దిగిన ఈ ఒక్క ముక్కా దక్కించుకున్నాము. నీ స్కూలు యూనిఫాం దాని పక్కనే ఆరేది.

పోయిన వారం మధ్యాహ్నం చర్చి గంట కొట్టారు. త్రికాల జపం చెప్పుకుంటూ తడి దుప్పటి దండెం మీద వేస్తున్నాను. ఒక చెయ్యి పైపు మీద ఉంది. లోపల నుంచి ఎవరో కొట్టారు. మూడు దెబ్బలు. ఆగి, మళ్లీ మూడు.

చెవికి వినపడింది అనడం కన్నా అరచేతికి తెలిసింది అనాలి. దుప్పటి మట్టిలో పడింది. జపం ఎక్కడ ఆపానో ఇప్పటికీ గుర్తు లేదు.

ఆ దెబ్బల అర్థం నీకు తెలుసు. లోపల బండ పేలి దారి మూసుకుపోతే మిగిలిన మనుషులు పైపు మీద మూడేసి దెబ్బలు కొట్టేవాళ్లు: ఇక్కడున్నాము, ప్రాణంతో ఉన్నాము. పైనున్నవాళ్లు రెండు కొట్టేవాళ్లు: విన్నాము, వస్తున్నాము. మీ నాయన, మా క్లెమెంట్ అన్న, రెండు రోజులు కొట్టాడు. నువ్వు అప్పుడు నా చంక దిగేదానివి కాదు, మీ అమ్మ నిన్ను కనగానే పోయింది. మూడో రోజు, ఇంకా తవ్వితే తవ్వేవాళ్ల మీద కూడా పడుతుందని పెద్దవాళ్లు పని ఆపించారు. జవాబు కొట్టే మనిషిని ఇంటికి పంపేశారు. క్లెమెంట్ అన్న ఇంకా అక్కడే ఉన్నాడు. నీకు ఇదంతా దాచకుండానే చెప్పి పెంచాను. ఆ పైపు ఇది కాదు, అది గనిలోకి దిగే షాఫ్టు దగ్గరది. కానీ నా అరచేతికి ఆ తేడా తెలియలేదు.

సొన్నమ్మను పిలిచాను. ఆమె చెయ్యి పెట్టి చూసింది.

"ఏమి మే, ఎండకి ఇనుము సాగతాది, చలికి ముడుచుకుంటాది. దానికీ నీకూ ఏం మాటలు?"

"నీ చేతికి తెలీలేదా సొన్నమ్మా?"

"ముప్పై ఏండ్లు సంగటి కెలికిన చెయ్యి మే ఇది. నిప్పు పెట్టినా తెలీదు."

మర్నాడు అదే వేళకు మళ్లీ వచ్చింది. ఆ మర్నాడు కూడా. గనులు మూసేసి ఎన్నేళ్లయింది, లోపలంతా నీళ్లు. ఎవరు కొడతారు? ఫాదర్‌కు చెప్తే చనిపోయినవారి ఆత్మల కోసం ప్రార్థించమంటారు. అది నేను రోజూ చేస్తూనే ఉన్నాను. అయినా ఆత్మలకు సుత్తి దేనికి తల్లీ?

నువ్వు చదువుకున్నదానివి. పక్క గ్రహానికి యంత్రాన్ని పంపడానికి ఆలోచనలు చేసే చోట పనిచేస్తున్నావు. నేల లోపల ఇలా ఎందుకు మోగుతుందో నాకు అర్థమయ్యేలా రాయి. ఫోనులో చెప్పకు. ఫోనులో అయితే నేను సరే అనేస్తాను.

ఇట్లు,
నీ అత్త ఆగ్నెస్


బెంగళూరు,
జూలై 15

ప్రియమైన అత్తకు,

నవ్వలేదు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను.

అది గాలి అయి ఉంటుంది. వానలకు గనిలో నీళ్లు పెరిగినప్పుడు మూలల్లో ఇరుక్కున్న గాలి దారి వెతుక్కుంటూ పైపులోకి తన్నుకొస్తుంది. అలా వచ్చేటప్పుడు ఇనుము మోగుతుంది. భయపడవలసినది ఏమీ లేదు.

అయినా కొన్ని సంగతులు రాయి. రోజూ అదే వేళకేనా? ఒక్క రోజైనా తప్పిందా? మొదటి రోజు కన్నా ఇప్పుడు దెబ్బ మెత్తబడిందా? మూడు తరువాత ఎంతసేపు ఆగుతోంది? నువ్వు ఆ పైపును ఏమైనా చేశావా, కదిలించడం, తట్టడం లాంటివి? చెయ్యకు. అసలు దాని దగ్గరికి పోవద్దు. దండెం వేరే చోట కట్టించుకో, డబ్బు పంపుతాను.

నా పని ఏమిటని సొన్నమ్మ అడుగుతూ ఉంటుంది కదా. ఆమెకు ఇలా చెప్పు. మార్స్ మీద, అదే అంగారకుడి మీద, నేలలో పెద్ద గుంతలు ఉన్నాయి. ఒకప్పుడు కరిగిన రాయి పారిపోయి ఖాళీ అయిన సొరంగాలకు అవి నోళ్లు. పైన మంచు చలి, ఎండలో విషం. ఎప్పుడైనా అక్కడ పురుగంత ప్రాణమైనా బతికి ఉంటే ఆ సొరంగాల్లోనే దాక్కుని ఉంటుందని మావాళ్ల ఆశ. అందులోకి పంపడానికి నీ కుట్టు మిషనంత బండి తయారు చేస్తున్నాము. ఆరు చక్రాలు, నేల గట్టితనం చూడడానికి చిన్న సుత్తి, నేల అదురు వినడానికి ఒక చెవి. ఇంకా ఎక్కడికీ పోలేదు. పోవడానికి ఏళ్లు పడుతుంది. ఇప్పుడు మేము చేసేదల్లా బల్ల చుట్టూ కూర్చుని, అది పాడైతే ఏం చెయ్యాలి, తప్పిపోతే ఏం చెయ్యాలి అని వాదించుకోవడమే.

మా పెద్ద మునీంద్ర సార్ కోలారు పక్క పల్లె మనిషి, ఇంట్లో పట్టుపురుగులు పెంచేవాళ్లు. ఆయన అంటారు, "పంపేదానికి ముందే దానికి నీళ్లు వదిలేయాల షెరినమ్మా. పోయినాక అది మనది కాదు. యాడుండాదో, ఎట్లుండాదో, ఎవురూ పోయి చూసేది లేదు." అందరూ నవ్వుతారు. నాకు మాత్రం నవ్వు రాదు.

బండిని పరీక్ష చెయ్యడం కోలారు వైపు క్వారీల్లో అయిపోయింది. ఇప్పుడంతా ఆఫీసు పనే.

ఆరోగ్యం జాగ్రత్త.

నీ షెరిన్


చాంపియన్ రీఫ్స్,
జూలై 28

చిరంజీవి షెరిన్‌కు,

ఆదివారం ఫోనులో ఇద్దరమూ వాన గురించే మాట్లాడుకున్నాము. ఆ తరువాత నాకు అన్నం సయించలేదు.

నువ్వు రాసిన గాలి సంగతి సొన్నమ్మకు చదివి వినిపించాను. "గాలికి మూడు కొట్టి ఆగాలని ఎవురు నేర్పించినారు మే?" అంది. ఆమె ఇప్పుడు నవ్వడం లేదు. పోయిన శుక్రవారం పైపుకు చెంప ఆనించి విని, అక్కడే కూలబడింది. లేచి పైపుకు పసుపు పూసి కుంకుమ పెట్టింది. నేను జపమాల తీసుకుని ఒక పక్క, ఆమె ఊదుబత్తి పట్టుకుని ఇంకో పక్క. మధ్యాహ్నం దాకా అలాగే కూర్చుంటాము. గంట మోగుతుంది. అది కొడుతుంది. రోజూ అదే వేళ, ఒక్క రోజూ తప్పలేదు. దెబ్బ కొంచెం మెత్తబడింది, అలసిపోయిన మనిషి కొట్టినట్టుగా.

నేను దాన్ని ఏమైనా చేశానా అని అడిగావు. ఆ సంగతి ఇప్పుడు రాయను.

కానీ షెరిన్, గాలే అయితే నీకు అన్ని ప్రశ్నలు ఎందుకు?

మొన్న బట్టల దారాలకని రాబర్ట్‌సన్‌పేట బజారుకు వెళ్లాను. మారప్ప కనిపించాడు, పాత లెవెల్ సొరంగం నోటి దగ్గర ఇనుప గేటుకు కాపలా ఉండే మారప్ప. టీ తాగుతూ నన్ను చూసి లేచాడు.

"ఆగ్నెసమ్మా, మీ షెరినమ్మకి లాంపు అందినాదా?"

"ఏం లాంపు?"

"నా తలకాయ లాంపమ్మా, గనిలోకి కట్టుకొని పోయేది. ఫోను చేసి అడిగినాది. దినామూ బెంగళూరికి పనికి పోయే కృష్ణప్ప చేతికిచ్చి రైల్లో పంపిస్తిని. బూట్లు కూడా అడిగినాది, సైజు చెప్పినాది. చదువుకున్న పిల్లోల్లు కూడా ఇంగ లోపలికి దిగాల్నా?" నా ముఖం చూసి ఆగాడు. "నీకు చెప్పలేదా? జూన్లో వ్యాన్లేసుకుని వచ్చినారే, గేటు కాడ తెల్ల గుడారం ఏసినారు. చిన్న బండిని లోపలికి తోలినారు. అది మళ్లా రాలేదు. దాన్ని ఆడనే వదిలేసి పూడ్చినారు... పూడ్చలేదులే, గేటుకి బీగం ఏసి పోయినారు."

ఏం మాట్లాడుతున్నానో తెలియక తికమకపడి, నాకు టీ చెప్పాడు. నేను తాగలేదు.

అంటే క్వారీ కాదు. చాంపియన్ రీఫ్స్. మన ఇంటికి అర మైలు. నువ్వు ఇక్కడికి వచ్చి, గుడారంలో కూర్చుని, ఇంటికి రాకుండా వెళ్లిపోయావు. దానికి నాకు బాధ లేదని అనలేను. కానీ అది చిన్న బాధ.

పదో తరగతి పరీక్షలకు ముందు గని మనుషులను కాపాడే బార్బరమ్మ పటం ముందు నిలబడి నువ్వు నాకు ఒక మాట ఇచ్చావు. ఏం చదివినా, ఎక్కడ పనిచేసినా, భూమి కిందికి మాత్రం దిగనని. నేను నిన్ను ఇంకేమీ అడగలేదు. పెళ్లి కూడా అడగలేదు.

లాంపు ఎందుకు తెప్పించుకున్నావో నిజం రాయి.

నీ అత్త


బెంగళూరు,
ఆగస్టు 1

అత్తా,

క్షమించు. నిన్ను నెల రోజులు భయంలో ఉంచాను. మొదటి ఉత్తరం చదివినప్పుడే నాకు తెలుసు, కొడుతున్నది ఎవరో.

అది మా బండి.

జూన్ నెలాఖరున దాన్ని పాత లెవెల్లోకి పంపాము. అంగారకుడి సొరంగం ఎలా ఉంటుందో అలాంటి చోటు కావాలి: చీకటి, రాళ్లు, లోపలికి పోతే రేడియో అందకూడదు. మన గని కన్నా మంచి చోటు ఎవరికీ తట్టలేదు. చెప్పింది నేనే. ఇంటికి రాలేదు, నీ ముఖం చూసి అబద్ధం చెప్పలేను కాబట్టి. మాలో ఎవరూ లోపల అడుగు పెట్టలేదు, అది మాత్రం నిజం. రెండో రోజు బండి ఒక మలుపు తిరిగి పల్లానికి జారింది. తరువాత మాట లేదు.

మాట తెగిపోతే బండి ఏం చెయ్యాలనే దాని మీద మా బల్ల దగ్గర నెలల తరబడి వాదన జరిగింది. పడుకోవాలన్నారు కొందరు. నేను చెప్పాను: రోజుకు ఒకసారి లేచి, సుత్తితో మూడు దెబ్బలు కొట్టి, ఆగి, మళ్లీ మూడు కొట్టి, జవాబు కోసం వినాలి. "ఆడ జవాబు ఇచ్చేకి ఎవురుండారమ్మా?" అన్నారు మునీంద్ర సార్. అయినా ఖర్చు లేని పని కదా, పరీక్షలో పెట్టి చూడమన్నారు. నాకు అది ఎక్కడి నుంచి వచ్చిందో నీకు తెలుసు.

మిగతా నియమం కూడా నేనే రాశాను. రెండు దెబ్బల జవాబు వినపడితే, కదలవద్దు. మనుషులు వస్తున్నారు, శక్తి పోగొట్టుకోకుండా ఉన్నచోటే ఉండు. ఒక వారం పాటు జవాబు లేకపోతే, ఎవరూ రారు. వచ్చిన దారినే నీ అంతట నువ్వు బయటికి రా.

బండి జారిన చోట పాత గాలి పైపు పక్కనే ఉన్నట్టుంది. సుత్తి దాని మీదే పడుతున్నట్టుంది. మేము గేటు దగ్గర కూర్చుని విన్నాము, ఏమీ వినపడలేదు. మన పెరట్లో వినపడుతుందని ఎవరు అనుకుంటారు?

ఇక్కడ అసలు సంగతి. నెల దాటింది. వారం గడవగానే బయలుదేరవలసినది రాలేదు. అంటే చక్రాలు ఇరుక్కున్నాయి, రాకపోవడం కాదు, రాలేకపోతోంది. దెబ్బ మెత్తబడిందని రాశావు, అంటే బ్యాటరీ అయిపోతోంది. బండి బతికే ఉందని మునీంద్ర సార్‌కు చెప్పాను. ఆయన సంతోషించి, అయినా ఎవరినీ లోపలికి పంపనన్నారు. "అంగారకుడి మీద ఉండాదనే అనుకోవాల. ఆడికి పోయి తెస్తావా?" అన్నారు. ఆయన మాట న్యాయమే. రాతపూర్వకంగా వదిలేశారు.

నేను వదలలేను. వచ్చే ఆదివారం మారప్ప తాత గేటు తీస్తానన్నాడు. మలుపు దాకా వెళ్లి, తాడు కట్టి లాగి, వచ్చేస్తాను. సొరంగం పైకప్పు గట్టిగానే ఉందని బండి పంపిన బొమ్మల్లో చూశాను. చెప్పకుండా వెళ్దామనుకున్నాను, కానీ నీకు ఇంకొక అబద్ధం రాయలేకపోయాను. ఇచ్చిన మాట తప్పుతున్నాను. అది కొడుతూ ఉంటే ఆఫీసులో కూర్చోవడం నా వల్ల కావడం లేదు. నువ్వే ఇలా పెంచావు అత్తా.

షెరిన్


చాంపియన్ రీఫ్స్,
ఆగస్టు 4

షెరిన్ తల్లీ,

నీ ఉత్తరం ఈ సాయంత్రం అందింది. ఫోను చేశాను, నువ్వు ఎత్తలేదు. ఎత్తినా నేను ఏడవడం తప్ప ఏమీ చెప్పలేను. తెల్లవారి రైల్లో కృష్ణప్ప పనికి వస్తాడు. నీ చేతికే ఇమ్మని ఈ కాగితం అతనికి ఇస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే కూడబలుక్కుని చదువు.

వెళ్లవద్దు. చక్రాలు ఇరుక్కోలేదు.

జవాబు లేకపోతే కదా అది రావలసింది? జవాబు వచ్చింది తల్లీ. నేను ఇచ్చాను.

మొదటి రోజు భయపడి లోపలికి పారిపోయాను. రెండో రోజు మళ్లీ కొట్టినప్పుడు గుడ్డలు కత్తిరించే కత్తెర చేతిలో ఉంది. దాని పిడితో రెండు దెబ్బలు కొట్టాను. అప్పటి నుంచి రోజూ కొడుతున్నాను. పైపును తట్టవద్దని నువ్వు రాశాక కూడా కొట్టాను. అందుకే ఆ సంగతి రాయనన్నాను. సొన్నమ్మ తప్ప ఎవరూ చూడలేదు. అది ఎవరో నాకు తెలియదు. మనిషి కాదని బుద్ధికి తెలుస్తూనే ఉంది. కానీ కింద ఎవరో కొడుతుంటే పైనున్న మనిషి చేతులు ముడుచుకుని కూర్చోగలదా? మన లైన్లలో ఎవరైనా అలా ఉండగలరా? నేను జవాబు ఇచ్చినందువల్ల అది నన్ను నమ్మి అక్కడే కూర్చుంది. మనుషులు వస్తున్నారని నేనే చెప్పాను. ఇప్పుడు ఆ మాట నిజం చెయ్యడానికి నువ్వు దిగుతానంటున్నావు.

పైకప్పు బొమ్మల్లో గట్టిగా ఉందన్నావు. మీ నాయన దిగిన పొద్దు కూడా గట్టిగానే ఉంది.

షెరిన్, నువ్వు ఆ గేటు లోపలికి వెళ్తే నేను పైపు దగ్గర నిలబడాలి. ఒకసారి నిలబడ్డాను. ఇంకోసారి నిలబడే కాళ్లు ప్రభువు నాకు ఇవ్వలేదు.

నాకు ఒక వారం ఇవ్వు. రేపటి నుంచి నేను జవాబు కొట్టను. అది ఎంత కొట్టినా కొట్టను. నువ్వు రాసిన నియమం నిజమైతే అదే లేచి వస్తుంది. ఆ వారం నువ్వు బెంగళూరు దాటకు. వస్తే నేను గేటు ముందు అడ్డంగా పడుకుంటాను. నేను గట్టిగా మాట్లాడే మనిషిని కాదు, నీకు తెలుసు. ఇది గట్టిగానే రాస్తున్నాను.

అత్త


బెంగళూరు,
ఆగస్టు 5

అత్తా,

స్టేషను బెంచీ మీద రాస్తున్నాను, కృష్ణప్ప అన్న తిరుగు రైలుకు నిలబడి ఉన్నాడు. మారప్ప తాత లాంపు అతని సంచిలో పెట్టాను. చూసి నమ్ము. నేను రాను. వారం ఆగుతాను.

నీ ఉత్తరం చదివి ముందు నవ్వొచ్చింది. మా లెక్కల్లో అన్నీ రాసుకున్నాము: బురద, నీళ్లు, చలి, చక్రం విరగడం. ఎవరైనా జవాబు ఇస్తారని మాత్రం ఎవరమూ రాసుకోలేదు. ఆ తరువాత నవ్వు పోయింది.

ఒక సంగతి చెప్పాలి. జవాబు ఆగిన రోజు నుంచి వారం లెక్క మళ్లీ మొదలవుతుంది. అంతవరకు బ్యాటరీ ఉంటుందో లేదో తెలియదు. ఒక రోజు దెబ్బలు ఆగిపోవచ్చు. అది బయలుదేరినందుకు కావచ్చు, అయిపోయినందుకు కావచ్చు. పైన ఉన్నవాళ్లకు తేడా తెలియదు. రాకపోతే పోనీ. అది యంత్రం. రాత్రంతా నాకు నేను ఇదే చెప్పుకున్నాను.

ఇంకొకటి, రాయకూడదు, కానీ కృష్ణప్ప అన్న తొందరపెడుతున్నాడు, ఆలోచించే సమయం లేదు. జవాబు వస్తే కదలవద్దని నేను రాసినది నాయనను తలుచుకునే. ఆయన కూడా జవాబు విని, వస్తారని నమ్మి, ఇంకో దారి వెతకకుండా కూర్చున్నాడా? నాకు ఇప్పుడు దానికే భయంగా ఉంది.

షెరిన్


చాంపియన్ రీఫ్స్,
ఆగస్టు 19

చిరంజీవి షెరిన్‌కు,

బండి వచ్చిందని పండుగ రోజు ఫోనులో ఒక్క ముక్క చెప్పి పెట్టేశాను. మిగిలినది ఇప్పుడు రాస్తున్నాను, ఫోనులో చెప్పలేను కాబట్టి.

లాంపు అందింది. మారప్పకు ఇచ్చేముందు ఒక రోజు పటం కింద పెట్టుకున్నాను.

మొదటి రోజు గంట మోగకముందే సొన్నమ్మ వచ్చింది. "ఆ కత్తెర ఇట్లియ్యి మే. నీ చెయ్యి నీ మాట వినదు" అని తీసి కొంగుకు ముడివేసుకుంది. గంట మోగింది. అది కొట్టింది. మూడు, ఆగి మూడు. నేను పిడికిళ్లు చంకల్లో పెట్టుకుని కూర్చున్నాను. అప్పుడు ఎప్పుడూ చెయ్యని పని చేసింది. కాసేపు ఆగి, మళ్లీ కొట్టింది. జవాబు ఇన్నాళ్లు వచ్చి ఈ రోజు రాలేదని దానికి తెలిసిపోయినట్టుగా. అది నీ నియమమో, నా చెవో తెలియదు. నేను లేవబోయాను. సొన్నమ్మ నా భుజాలు పట్టుకుని అదిమింది.

"కూర్చో మే! దానికి నోరుంటే మనల్ని బాగా తిట్టుంటాది. తిట్టనీ. బిడ్డ దిగకుండా ఉండాల్నా వద్దా?"

ప్రతి రోజూ అంతే. అన్న కొట్టినప్పుడు జవాబు ఆపించినవాళ్లు ఎవరో పెద్దవాళ్లు. వాళ్ల ముఖాలు తలుచుకుని నేను ఇన్నేళ్లు శపించలేదు, ప్రార్థన చేశాను, అది కూడా కష్టంతోనే. ఇప్పుడు ఆపింది నేను. జపమాల తిప్పుతూ ఉంటే మంగళవార్త జపం సగంలోనే మాటలు పోయేవి. ఒక రోజు వాన, చర్చి గంట వినపడలేదు, దెబ్బలు మాత్రం తెలిశాయి. చీమ నడిచినంత మెత్తగా. నీకు ఫోను చేసి వెళ్లు అని చెప్పేస్తానేమో అని ఫోను కూడా సొన్నమ్మకే ఇచ్చేశాను.

తరువాత ఒక మధ్యాహ్నం రాలేదు.

కొడుతున్నప్పటి భయం ఒకటి. అది ఆగాక వచ్చిన భయానికి పేరు పెట్టలేను. పైపుకు చెంప ఆనించి ఎంతసేపు ఉన్నానో, సొన్నమ్మ ముఖం కడిగించింది. మరునాడూ లేదు. బయలుదేరిందా, పోయిందా? నువ్వు రాసింది నిజం. పైన ఉన్నవాళ్లకు తేడా తెలియదు.

మరియమాత మోక్షారోపణ పండుగ పూజకు బలిపీఠం గుడ్డకు అంచు కుట్టి ఇచ్చి, వెనక బెంచీలో కూర్చున్నాను. పూజ అయ్యి బయటికి వస్తే మెట్ల దగ్గర మారప్ప. పండుగ బట్టల జనంలో బురద కాళ్లతో.

"ఆగ్నెసమ్మా, రా. మీ షెరినమ్మ బండి వచ్చినాది."

"చూసినావా?"

"చూసేదేమి? గేటు తడతా ఉండాది!"

సొన్నమ్మను పిలుచుకుని వెళ్లాము. గేటు ఊచల వెనక, చీకటి అంచున, అది ఉంది. నేను అనుకున్నదాని కన్నా చిన్నది. తెల్ల బురద గట్టిపడి పెంకులా అంటుకుంది. ఒక చక్రం తిరగడం లేదు, ఈడ్చుకుంటూ వచ్చిన గీత వెనక దాకా ఉంది. చిన్న సుత్తి చాచి ఇనుప ఊచ మీద కొట్టింది. మూడు. ఆగింది. మూడు.

"నేను ముట్టనమ్మా" అని మారప్ప వెనక్కి జరిగాడు. ముప్పై ఏళ్లు గనిలో పనిచేసిన మనిషి.

సొన్నమ్మ కొంగు ముడి విప్పి కత్తెర నా చేతిలో పెట్టింది.

రెండు దెబ్బలు కొట్టాను.

అది సుత్తి లోపలికి తీసుకుంది. పక్కన వెలుగుతున్న చిన్న దీపం ఆరింది. కదలలేదు. మనుషులు వచ్చారని నమ్మింది.

తరువాత మీ సార్లు వచ్చి తీసుకుపోయారు. మునీంద్ర సార్ దాన్ని అటూ ఇటూ చూసి, "జవాబు విన్నట్టు దీంట్లో ఉండాది. ఎవురిచ్చినారమ్మా?" అని అడిగారు. నేను తల వంచుకున్నాను. సొన్నమ్మ, "గాలి సార్" అంది. ఆయన ఆమెను ఒకసారి చూసి, బండిని వ్యానులోకి ఎక్కించమన్నారు. ఈ దెబ్బల నియమం అంగారకుడికి పోయే బండిలో కూడా ఉంచుతారని నువ్వు ఫోనులో చెప్పావు. అక్కడ జవాబు ఇచ్చేవాళ్లు లేరు కాబట్టి అది ఎప్పుడూ తనంతట తనే వస్తుందని. పోయే రోజు ఎప్పుడో చెప్పు, దాని కోసం జపమాల చెప్తాను.

నీ ప్రశ్నకు జవాబు. మీ నాయనకు ఇంకో దారి ఉందో లేదో నాకు తెలియదు. చెప్పగలిగినవాళ్లు ఎవరూ తిరిగి రాలేదు. లేదని నీకు అబద్ధం రాయవచ్చు, రాయను. ఆ రెండు రోజులూ పైన మనుషులు ఉన్నారని తెలిసి కూర్చున్నాడు. అది నాకు తెలిసినది. మిగతాది ప్రభువుకు తెలుసు, నేను అడగడం మానుకున్నాను.

మధ్యాహ్నం గంట మోగితే ఇప్పటికీ పైపు మీద చెయ్యి పెడతాను. చల్లగా ఉంటుంది. దండెం అక్కడే ఉంది.

ఈ కాగితాలు చింపకు తల్లీ. నావీ నీవీ కలిపి కట్టి నీ దగ్గర పెట్టుకో. నీకు నేను లేని కాలం వస్తుంది, అప్పుడు చదువుకో. కానీ మీ సార్లకు గానీ, ఫాదర్‌కు గానీ, నీ ఇంటికి రేపు వచ్చేవాళ్లకు గానీ చూపించకు. నేను యంత్రంతో మాట్లాడానని నవ్వుతారని కాదు. గేటు దగ్గర ఆ దీపం ఆరినప్పుడు నా నోటి నుంచి ఒక మాట వచ్చింది. మారప్పకు వినపడలేదు, సొన్నమ్మ విని కూడా విననట్టు అటు తిరిగింది. "వచ్చేసినావా అన్నా" అన్నాను.

అది నీకు మాత్రమే రాస్తున్నాను.

నీ అత్త ఆగ్నెస్